దూబగుంట గాలి ఏ దారిన వీచింది

ఒక అలవాటు ఊరంతా పాకితే మన భాష దాన్ని గాలితోనో జబ్బుతోనో పోల్చి ఊరుకుంటుంది. పట్నం గాలి సోకింది అంటాం. ఆ పిచ్చి వీడికీ అంటుకుంది అంటాం. ఎన్నికలొస్తే ఫలానా పార్టీ గాలి వీస్తోంది అంటాం. ఈ మాటల్లో ఒక సుఖం ఉంది: ఎవరి దగ్గర్నుంచి ఎవరికి, ఎప్పుడు, ఏ సందర్భంలో అంటుకుందో చెప్పనక్కర్లేదు. గాలిని చిరునామా అడిగేవాడెవడు? 1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో కూలి చేసుకునే ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన ఉదంతాన్ని కూడా ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే చెప్పుకుంటున్నాం. దూబగుంటలో నిప్పు రాజుకుంది, జిల్లాకు అంటుకుంది, రాష్ట్రమంతా దావానలమైంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ నిప్పైనా ఎండుగడ్డి ఉన్న వైపే పోతుంది, మధ్యలో కాలవ అడ్డొస్తే ఆగుతుంది. సారా వ్యతిరేక ఉద్యమం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఏ దారిన నడిచింది, ఆ దారి ఎవరు వేశారు, ఏ పనికి వేశారు అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్న. భావాలు, అలవాట్లు అంటువ్యాధుల్లా వ్యాపిస్తాయన్న మాట నిజమేనని నా అభిప్రాయం. అయితే ఆ పోలిక వాడేవాళ్ళు అంటువ్యాధుల గురించి వైద్యులకు నూట డెబ్భై ఏళ్ళ కిందటే తెలిసిన ఒక సంగతిని వదిలేస్తున్నారు.

అప్పటిదాకా వైద్యుల్లో చాలామంది కలరా గాలిలోనే వస్తుందని నమ్మేవారు. మురుగు, కుళ్ళు పోగుపడిన చోట గాలి చెడి మనుషులు పోతారని లెక్క. 1854 ఆగస్టు ఆఖర్లో లండన్‌లోని సోహో పేటలో కలరా విరుచుకుపడి పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే వైద్యుడు గాలి సంగతి పక్కన పెట్టి, చనిపోయినవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి ఒకే ప్రశ్న అడిగాడు: మీరు నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? జవాబుల్లో చాలా భాగం బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు దగ్గరికే చేరాయి. ఆ పంపు పక్కనే ఉన్న బీరు కర్మాగారం పనివాళ్ళు మాత్రం బతికి బయటపడ్డారు. వాళ్ళకు తాగడానికి బీరు ఇచ్చేవారు, పంపు నీళ్ళతో పనిపడేది కాదు. (సారా మీద వ్యాసంలో ఈ సంగతి కొంచెం ఇబ్బందే గాని దాచడం న్యాయం కాదు.) సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. అప్పటికే జనం పేట ఖాళీ చేసి పోతుండటంతో వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నోయే ఒప్పుకున్నాడు కాబట్టి, పిడి తీయడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో చెప్పలేం. మారింది ప్రశ్న. ఏ గాలి అని అడగడం పోయి ఏ గొట్టం అని అడగడం వచ్చింది. మనుషుల మధ్య పాకే సంగతులను మనం ఇంకా స్నోకు ముందటి రోజుల్లోలాగే చూస్తున్నాం.

నెల్లూరు కథలో ముందు పాకింది సారా. అదీ గాలికి పాకలేదు. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1940ల చివరికి మద్రాసు రాష్ట్రమంతా, అంటే నెల్లూరుతో సహా, అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1960ల చివర్లో దాన్ని సడలించారు. ఆ తర్వాత ఖజానాకు సారా రుచి తెలిసింది. రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చే ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ఈ రెంటి మధ్య జరిగిన ముఖ్యమైన మార్పు 1980ల తొలినాళ్ళలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన వారుణి వాహిని పథకం. వారుణి అంటే మద్యం, వాహిని అంటే ప్రవాహం. పేరు పెట్టినవారికి సంస్కృతం బాగా వచ్చునని, పథకం ఎటు పోతుందో కూడా ముందే తెలుసునని ఒప్పుకోవాలి. అంతకుముందు సారా తాగాలంటే దుకాణానికి నడవాలి, విడిగా పోయించుకోవాలి, నలుగురి కంట పడాలి. ఇప్పుడది చిన్న పాలిథీన్ ప్యాకెట్లలో వచ్చింది. మూలను పంటితో కొరికి నోట్లో పిండుకుని పారేస్తే అయిపోయింది. గ్లాసు అక్కర్లేదు, కూర్చోనక్కర్లేదు. ప్యాకెట్ జేబులో పడుతుంది, మొలలో దాగుతుంది, సైకిలు మీద వందలకొద్దీ పొలం గట్టుకి వస్తుంది. వేలంలో హక్కు పాడుకున్న కాంట్రాక్టరు జీపుల మీద ఊరూరికీ చేరవేయించేవాడు. కొన్ని చోట్ల కూలిలో కొంత భాగాన్ని సారా కూపన్లుగా ముట్టజెప్పిన సందర్భాలూ ఉన్నాయి. పల్లెల్లో మగవాళ్ళకు తాగుడు జబ్బు అంటుకుందని అప్పట్లో నిట్టూర్చినవాళ్ళు ఈ గొట్టాన్ని చూడలేదు, చూసినా దాని పిడి ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు.

రెండో గొట్టం వేసింది కూడా ప్రభుత్వమే, వేరే పని కోసం. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటన వెలువడ్డాక, అక్కడి పద్ధతిని దేశంలో ఒక్కో జిల్లా అందుకుంది. జీతం లేని వాలంటీర్లు, ఊరూరా కళాజాతాలు, రాత్రి బళ్ళు అన్నవి ఆ పద్ధతిలో ముఖ్యం. నెల్లూరు అలా అందుకున్న జిల్లాల్లో ఒకటి. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, కలెక్టరేటు సిబ్బంది, ఊళ్ళో పదో తరగతి చదివిన పిల్లలు కలిసి నడిపిన పని అది. దృశ్యం ఊహించడం కష్టం కాదు. నాట్లకో కలుపుకో పోయి వచ్చిన ఆడవాళ్ళు పొయ్యి మీద అన్నం దించి, పిల్లలకు పెట్టి, పలకా బలపం పట్టుకుని ఎవరో ఒకరి ఇంటి అరుగు మీదికి చేరతారు. లాంతరు మధ్యలో ఉంటుంది. చదువు అ ఆల నుంచి మొదలు కాదు. ముందు ఒక బొమ్మ, దాని గురించి మాటలు, ఆ మాటల్లోంచి ఒక పదం, ఆ పదంలోంచి అక్షరాలు. అంటే అక్షరం పలక మీదికి రాకముందే అరగంట కబుర్లు నడవాలి. ఆ పుస్తకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడుతో ఇల్లు గుల్లయిన ఊళ్ళో ఆడవాళ్ళు ఏకమవడం అందులో విషయం. పాఠం రాసినవాళ్ళు చెప్పించాలనుకున్నది చదువు. అరుగు మీద జరిగింది లెక్క: మా ఇంట్లో వారానికి ఇంత పోతోంది, మీ ఇంట్లోనో?

కలిగిరి మండలం దూబగుంటలో ఈ లెక్క చేతల్లోకి దిగింది. అక్కడి ఆడవాళ్ళు, వాళ్ళకు ముందు నిలిచిన వర్థినేని రోశమ్మ, ఊళ్ళోకి సారా రానివ్వబోమని అడ్డం తిరిగారు, దుకాణం మూతపడింది. ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. తాగుడు నష్టమని ఆ ఆడవాళ్ళకు పాఠం చదివాకనే తెలిసిందనుకోవడం వాళ్ళను అవమానించడమే. తన్నులు తిన్నవాళ్ళకు, పస్తులున్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళకు తెలియనిది ఒక్కటే, పక్కింటామె ఏమనుకుంటోందో. ఒంటరిగా దుకాణం మీదికి పోతే మొగుడు కొడతాడు, కాంట్రాక్టరు మనుషులు బెదిరిస్తారు, ఊరు నవ్వుతుంది. పదిమంది పోతే మొగుడు కొట్టడానికి జంకుతాడు. యాభైమంది పోతే జీపు తిరిగిపోతుంది. ఎంతమంది కదిలితే నేనూ కదులుతాను అన్న లెక్క ప్రతి మనిషిలోనూ ఉంటుందని, అది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్ 1978లో ఒక వ్యాసం రాశాడు. ఆయన వాడిన ఇంగ్లీషు మాటకు తెలుగులో గడప అంటే సరిగ్గా సరిపోతుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ తమాషాగా ఉంటుంది. వందమంది ఉన్న గుంపులో ఒకడు ఎవరూ లేకున్నా రాయి విసురుతాడు, రెండోవాడు ఒకడు విసిరితే విసురుతాడు, మూడోవాడు ఇద్దరు విసిరితే, ఇలా వరసగా. ఆ గుంపులో మొత్తం వందమందీ రాళ్ళు విసురుతారు. ఇప్పుడు రెండోవాణ్ణి తీసేసి, ఇద్దరు విసిరితే గాని విసరనివాణ్ణి ఆ స్థానంలో పెట్టండి. ఒక్క రాయి పడి ఊరుకుంటుంది. బయటినుంచి చూసేవాడికి మొదటి గుంపు పిచ్చెత్తినట్టు, రెండోది బుద్ధిమంతుల గుంపులా కనబడుతుంది. లోపల తేడా ఒకే ఒక్క మనిషి.

రాత్రిబడి చేసిన పని ఈ గడపలు ఒకరివి ఒకరికి కనబడేట్టు చేయడం. ఆడవాళ్ళు నలుగురు చేరే చోట్లు పల్లెల్లో లేకపోలేదు. బావి దగ్గర, చేలో వరసలో, పేరంటంలో చేరతారు. కానీ అక్కడ మాట తెగిపోతూ ఉంటుంది, కులాన్ని బట్టి బావులూ వేరు. రోజూ ఒకే వేళకు, ఒకే అరుగు మీద, ఒకే విషయం గురించి, మగవాళ్ళు లేకుండా మాట్లాడుకోవడానికి సర్కారు అనుమతితో దొరికిన చోటు అదొక్కటే. బడికి పోతున్నానంటే మొగుడు కూడా కాదనలేడు, కలెక్టరు చెప్పిన పని మరి! దూబగుంట వార్త పక్క ఊళ్ళకు చేరినప్పుడు దాన్ని అందుకోవడానికి అక్కడా ఒక అరుగు సిద్ధంగా ఉంది. ఆపైన ఇంకో ముచ్చట జరిగింది. దూబగుంట ఆడవాళ్ళ కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు తడుముకుంటూ చదివిన తొలి పాఠాల్లో, మన జిల్లాలోనే, మనలాంటి కూలీలే, పేరున్న ఒక ఊళ్ళో దుకాణం మూయించారన్న నిజం ఉంది. సీతమ్మ కథలో ఊరు కల్పితం, దూబగుంట బస్సెక్కితే చేరే ఊరు. కథకూ కబురుకూ ఉన్న తేడా ఇదే. కబురు వినగానే మనిషి తన గడప ఎంత ఎత్తో మళ్ళీ కొలుచుకుంటుంది.

ఇది గాలివాటం వ్యవహారం కాదని ముందుగా పసిగట్టింది ప్రభుత్వమేనని చెప్పాలి. వేలాలు దెబ్బతినడం మొదలయ్యాక ఆ పాఠాన్ని వాచకం నుంచి తీసేయించారు. అధికారులు స్నో పేరు విన్నారో లేదో గాని చేసింది మాత్రం పంపు పిడి ఊడదీయడమే. ఫలితం కూడా సోహోలో లాంటిదే: ఆలస్యమైంది. పాఠం అప్పటికే చదివేశారు, చదివినవాళ్ళు పుట్టింటికి పోయినప్పుడు, కోతలకు పోయినప్పుడు, తిరణాలలో చుట్టాలు కలిసినప్పుడు చెప్పేశారు. పల్లెటూళ్ళో మగవాడికి ఒకటే ఊరు, ఆడదానికి కనీసం రెండు, పుట్టిల్లూ మెట్టిల్లూ. ఊరూ ఊరికీ మధ్య మాట మోసుకుపోవడంలో ఆడవాళ్ళకున్న దారులు ఏ పార్టీకీ లేవు.

అప్పట్లో ఎక్సైజు సంవత్సరం అక్టోబరు 1న మొదలయ్యేది. అందుకని అంతకుముందు వారాల్లో కలెక్టరేట్లలో సారా వేలాలు జరిగేవి. 1992లో నెల్లూరులో వేలం గది లోపల పాటదారులు, బయట పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు. పాట వాయిదా పడింది, మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది, అలా ఎన్నోసార్లు. ఊళ్ళలో ప్యాకెట్ల జీపుల్ని అటకాయించి సరుకు నడిరోడ్డు మీద పారబోశారు, తగలబెట్టారు. చీపుళ్ళు, కారం పొట్లాలు ఆయుధాలయ్యాయి. తాగొచ్చినవాడికి కూడు పెట్టబోమన్నారు, వినకపోతే గుండు గీయించి గాడిద మీద ఊరేగించారు. ఈ చివరిది చదివి నవ్వుకునేవాళ్ళు, బాధపడేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు. వ్యాప్తి గురించి ఆలోచించేవాడికి అందులో వేరే సంగతి కనబడుతుంది. ఒక ఊళ్ళో చేసిన పద్ధతి ఇంకో ఊళ్ళో దాదాపు అచ్చు గుద్దినట్టు కనబడుతోంది. ఎవరికివారు కడుపుమంటతో లేచి ఉంటే తీర్లు తీరుతీరుగా ఉండాలి. విని, చూసి, నేర్చుకున్నారు కాబట్టే ఒకేలా ఉన్నాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిదీ నెల్లూరు జిల్లాయే. వేరే కారణాలతో ఆయన ఆ అక్టోబరులో దిగిపోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా.

ఈ వాదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇది వ్యాప్తి ఎందుకయింది? వాన కురిస్తే ఊళ్ళో అందరూ గొడుగులు తెరుస్తారు, ఒకరి గొడుగు ఒకరికి అంటుకోలేదు కదా. సారా రాష్ట్రమంతా ముంచింది, ఆడవాళ్ళంతా విసిగారు, అంతటా లేచారు. పైగా అదే కాలంలో తెలంగాణ జిల్లాల్లో పీపుల్స్‌వార్ నక్సలైట్లు సారా మీద నిషేధం ప్రకటించి దుకాణాలు మూయించారు కూడా, దానికీ దూబగుంటకూ సంబంధం లేదు. ఈ మాటలో కొంత నిజాన్ని ఒప్పుకోవాల్సిందే. బాధ లేనిచోట దూబగుంట కబురు ఎంత చేరినా ఏమీ జరగదు, ఎండుగడ్డి లేనిచోట నిప్పురవ్వ ఆరిపోయినట్టే. కానీ వాన లెక్క ఇక్కడ కుదరదు. వారుణి వాహిని పారడం మొదలైంది 1980ల తొలినాళ్ళలో. బాధ ఒక్కటే చాలితే 1985లో లేవాలి, 1988లో లేవాలి. మిగిలిన జిల్లాల్లో తాగుడు తక్కువేమీ కాదు, పేదరికం కొన్నిచోట్ల ఎక్కువే. అయినా ఆడవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళుగా ముందు కదిలింది రాత్రిబళ్ళు గట్టిగా నడిచిన నెల్లూరులో, అవి నడిచిన కాలంలో. నక్సలైట్ల నిషేధం సంగతికొస్తే అది తుపాకీ ఉన్నంతమేర పైనుంచి వచ్చిన హుకుం. దానికి పక్కింటామె ఏమంటుందో తెలియాల్సిన పని లేదు. రెండు చోట్లా దుకాణం మూతపడటమే కనబడుతుంది గాని, మూతపడిన తీరు ఒకటి కాదు.

పత్రికలే ఇదంతా చేశాయన్నది ఇంకో వాదన. 1992 రెండో సగంలో 'ఈనాడు' ఈ ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా ఒక పేజీ ఇచ్చింది. దాని వెనక రాజకీయ లెక్కలున్నాయని అప్పుడే విమర్శించినవాళ్ళున్నారు. లెక్కలు ఉంటే ఉండొచ్చు. కానీ వార్త అచ్చయ్యేనాటికి నెల్లూరు పల్లెల్లో జీపులు తిరిగిపోవడం మొదలైంది. పత్రిక ఆ పనిని పుట్టించలేదు, దూరానికి చూపించింది, మంత్రుల బల్లల మీద రోజూ పరిచింది. తెలియడం వేరు, కదలడం వేరని అమెరికా రైతుల మీద జరిగిన ఒక పాత అధ్యయనం బాగా చూపిస్తుంది. అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు 259 మంది రైతులను అడిగి 1943లో ప్రకటించారు. విత్తనం గురించి మొదట ఎవరి నోట విన్నావంటే ఎక్కువమంది విత్తనాల కంపెనీ మనిషి పేరు చెప్పారు. ఎవరిని చూసి వేశావంటే పొరుగు రైతు పేరు. ఒకరిద్దరు తప్ప అందరూ చివరికి వేశారు గాని, అంతదాకా పదేళ్ళు దాటింది. దిగుబడి ఎక్కువ వచ్చే విత్తనానికే అంత కాలం పడితే, దెబ్బలు తినే ప్రమాదమున్న పనికి పేపరు చదివి ఎవరు దిగుతారు? నాకు తోచేదేమంటే, పొరుగూరి కన్నా ముందు పేపరు చేరిన జిల్లాల్లో ఉద్యమం ఎక్కువగా ఊరేగింపులు, సభలు, సంఘాల నాయకుల రూపం తీసుకుంది. నెల్లూరు పల్లెల్లో అది ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

ఆడవాళ్ళ తెగువను అంటురోగంతో పోల్చడమే తప్పన్న అభ్యంతరం మర్యాదైనది, నాకూ దాని మీద సానుభూతి ఉంది. రోగం మనిషిని అడగదు, ఉద్యమం అడుగుతుంది. కానీ పాకే సంగతులన్నీ ఒక తీరువి కావని గుర్తిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట తెల్లవారుజామున ఢిల్లీలో పుట్టి, టెలిఫోన్ల మీద గంటల్లో దేశమంతా, అక్కణ్ణుంచి లండన్, న్యూయార్క్ గుళ్ళ దాకా పోయింది. నమ్మినవాళ్ళకైన ఖర్చు ఒక చెంచాడు పాలు. తలతన్యత, కేశనాళికల సంగతి శాస్త్రవేత్తలు చెప్పారు, రెండోరోజుకు సద్దుమణిగింది. 1979 జులైలో స్కైలాబ్ మన నెత్తిన పడుతుందన్న పుకారుకూ అంతే వేగం. చచ్చేలోపు తినేద్దామని కోళ్ళూ మేకలూ కోసుకున్న ఊళ్ళున్నాయి, ఆ శకలాలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపు పడ్డాయి. ఇలాంటి వాటికి ఒక్క నోరు చాలు. ఎంత దూరపు చుట్టమైనా, ముక్కూ మొగం తెలియనివాడైనా అంటించగలడు. సారా మీద తిరగబడటం ఒక్క నోటితో అంటేది కాదు. ఒకామె చెబితే వింటుంది, ఇద్దరు చెబితే ఆలోచిస్తుంది, నలుగురు కొంగు బిగిస్తే లేస్తుంది. మొదటి రకానికి పొడుగాటి తీగలు కావాలి, రెండో రకానికి దగ్గరదగ్గరగా అల్లిన చాప కావాలి. రెండో రకంలో ప్రతి మనిషీ తన తెలివితో తూచి చూసుకునే దిగుతుంది. ఆ తూకంలో పక్కవాళ్ళ బరువు కూడా ఉంటుంది, అంతే. దాన్ని బుద్ధి లేకపోవడం అనలేం. ఒంటరిగా తన్నులు తినడాన్ని బుద్ధి అంటే తప్ప.

ఇంత బలంగా పాకింది ఎందుకు నిలవలేదన్నది మిగిలిన ప్రశ్న. 1994 డిసెంబరు ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం హామీతో ఎన్టీ రామారావు గెలిచారు. వారుణి వాహిని పారించిన చేత్తోనే ప్రమాణ స్వీకారం రోజున నిషేధం కాగితం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది, సారా మీద నిషేధం మాత్రం ఉంచింది. మద్యం మళ్ళీ ఊళ్ళకు చేరింది, ఈసారి సీసాల్లో, తర్వాత తర్వాత బెల్టు షాపుల రూపంలో. ఆడవాళ్ళ పట్టుదల చల్లారిందని తేలిగ్గా అంటారు. నేనలా అనుకోను. మశూచి ఒకసారి వచ్చి తగ్గితే మళ్ళీ రాదు, ఆ రక్షణ ఒంట్లో ఉంటుంది. పదిమందీ కలిస్తేనే ధైర్యం అన్న రక్షణ ఎవరి ఒంట్లోనూ ఉండదు, పదిమందీ చేరే చోట ఉంటుంది. అక్షరాస్యతా ఉద్యమం గడువు తీరింది, వాలంటీర్లు పోయారు, లాంతరు ఆరింది. నిషేధం చట్టమయ్యాక కాపలా పోలీసులదీ ఎక్సైజు వాళ్ళదీ అయింది, ఆడవాళ్ళది కాకుండా పోయింది. ఖజానాకు మాత్రం మద్యం గొట్టం అవసరం ఏనాడూ తగ్గలేదు.

అయితే అరుగులు పూర్తిగా ఖాళీ కాలేదు. సారాకు పోయే డబ్బు మిగిలిన 1993లోనే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి పథకం మొదలైంది. మనిషి రోజుకో రూపాయి దాచాలి, నెలకోసారి అందరూ ఒకచోట చేరి లెక్క చూసుకోవాలి. ఆడవాళ్ళు దుకాణం మూయించడానికి చేరినట్టే డబ్బు దాచడానికీ చేరారు, పక్కింటామె దాస్తోందని ఈమె దాచింది. ఆ సంఘాలు డ్వాక్రాతో కలిసి రాష్ట్రమంతా విస్తరించాయి, బ్యాంకులు అప్పులివ్వడం మొదలుపెట్టాయి. దారి బాగుందని చూసి 2000ల్లో సూక్ష్మరుణ కంపెనీలూ అదే దారిన వచ్చాయి. ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్ళు కట్టాలన్న షరతు మీద వీధివీధినా గుంపులు కట్టించి, ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చిన రోజులవి. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు పెరిగి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే వాయిదాలు కట్టడం ఊరు తర్వాత ఊళ్ళో ఆగిపోయింది. కంపెనీ మనిషి వారం వారం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు, పుస్తకం తెరిచేవాడు, పేర్లు పిలిచేవాడు. మొదటి పేరుకు జవాబు రాకపోతే రెండో ఆమె మూడో ఆమె వంక చూసేది.